నాన్నకీ ఒక డైలాగ్ కావాలి

పోయిన మే నెల. రాత్రి తొమ్మిదిన్నర. రెడ్డిగూడెంలో మా ఇంటి వరండా. లోపల కూర్చుంటే ఉక్క, బయట కూర్చుంటే దోమలు. దోమలకే ఓటేసి అందరం బయట చేరాం. అమ్మ మర్నాటి కూరకి గోరుచిక్కుళ్లు తుంచుతోంది. నాయనమ్మ విసనకర్ర ఊపుకుంటోంది. నాన్న మడతమంచం మీద వెల్లకిలా పడుకుని, నున్న మార్కెట్‌లో ఆ రోజు మామిడికాయ ఎంత పలికిందో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను మాత్రం చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఒక స్టాండప్ వీడియో చూస్తున్నా.

ఒక జోకు దగ్గర ఆపుకోలేక గట్టిగా నవ్వేశాను. పక్కింటి కుక్క ఉలిక్కిపడి మొరిగింది.

“ఏంటే అది? మాకూ చెప్తే మేమూ నవ్వుతాంగా,” అంది అమ్మ.

చెప్పడం మొదలెట్టా. “ఏం లేదమ్మా, ఒకతను ఇంటర్వ్యూకి వెళ్తాడు. హెచ్‌ఆర్ ఆవిడ, ఐదేళ్ల తర్వాత నువ్వు ఎక్కడుంటావు అని అడుగుద్ది...”

“హెచ్‌ఆర్ అంటే?” నాయనమ్మ.

“ఉద్యోగాలిచ్చేవాళ్లు నాయనమ్మా.”

“ఆ ఇచ్చే ఉద్యోగమేదో ఇవ్వక, ఐదేళ్ల తర్వాత సంగతి ఆవిడకెందుకు?”

నిజం చెప్పాలంటే వీడియోలో జోకు కన్నా ఇదే బాగుంది. అయినా పట్టుదలగా చివరిదాకా చెప్పాను. ఒక్కళ్లూ నవ్వలేదు. “అంతేనా?” అంది అమ్మ, చేతిలో పని ఆపకుండానే.

చెల్లికి నా మీద జాలేసిందో, జోకు మీద జాలేసిందో తెలీదు. తన ఫోన్‌లో ‘అమృతం’ పాత ఎపిసోడ్ ఒకటి పెట్టి, స్టూలు మీద మంచినీళ్ల చెంబుకి ఆనించి నిలబెట్టింది. రెండు నిమిషాల్లో అమ్మ చేతిలో గోరుచిక్కుడు అలాగే ఆగిపోయింది. నాన్న “మళ్లీ చేస్తా” అని ఫోన్ పెట్టేశాడు. ఇంటి ఓనర్ అప్పాజీ ఇంకా గుమ్మం దాటనేలేదు, నాయనమ్మ “వచ్చాడమ్మా ఇంటాయన” అని ముందే నవ్వడం మొదలెట్టింది.

అదే వరండా, అవే ఫోన్లు. నేను ఒక్కదాన్నే నవ్వితే అందరూ నా వైపు చూశారు. చెల్లి పెట్టింది చూసి అందరం నవ్వాం, ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

ఈ వారం మన కబుర్లు దీని గురించే. కడుపారా నవ్వుకోవాలంటే స్టాండప్పా, సిట్‌కామా? ఈ ప్రశ్నకి నా దగ్గర చాలా గట్టి జవాబు ఉండేది. ఆ వేసవి దాకా.

నేను టీమ్ స్టాండప్

చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చిన మొదటి వారం హాస్టల్‌లో ఒకమ్మాయి అడిగింది, మీదే ఊరు అని.

“రెడ్డిగూడెం.”

“అదెక్కడ?”

“మైలవరం దగ్గర.”

“అదెక్కడ?”

“విజయవాడ దగ్గర.”

“ఓ, విజయవాడా! ముందే చెప్పొచ్చుగా.”

ఆ రోజు నుంచి నాలుగేళ్లు నేను విజయవాడ అమ్మాయినే. మా ఊళ్లో నిలబడి చూస్తే అటు మామిడితోట, ఇటు మామిడితోట. బంగినపల్లి, చిన్నరసం, కలెక్టర్ కాయ పేర్లు తప్ప ఇంకో ప్రపంచం లేదు. అలాంటి ఊరిని నాలుగేళ్లు దాచిపెట్టాను. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లాలోంచి మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలోకి మార్చాక ఇంకో మెట్టు పెరిగింది. ఇప్పుడు జిల్లా పేరు కూడా విడమరిచి చెప్పాలి.

అలాంటి రోజుల్లో ఒక రాత్రి దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని స్టాండప్ చూశాను. ఒకడే మనిషి. చేతిలో మైకు, వెనక ఒక గోడ, పక్కన ఎత్తు స్టూలు మీద వాటర్ బాటిల్. సెట్టింగు లేదు, మేకప్ లేదు. తన ఊరి పేరు చెప్పడానికి తనెలా సిగ్గుపడ్డాడో చెప్పి జనాన్ని నవ్విస్తున్నాడు. నేను దాచుకుంటున్నదాన్ని ఇతను టికెట్ పెట్టి అమ్ముతున్నాడే అనిపించింది! ఆ రాత్రి నవ్వీ నవ్వీ కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆ నీళ్లన్నీ నవ్వుకే వచ్చినవని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

ఇంకో కారణం కూడా ఉంది. మా నాయనమ్మ మంచిదే గానీ, నేను పగలబడి నవ్వినప్పుడల్లా “ఆడపిల్లవి, నోరు కాస్త చిన్నగా తెరువు” అంటుంది. నవ్వు నాలుగు విధాల చేటు అనే సామెత మా ఇంట్లో నా ఒక్కదాని కోసమే వాడతారు. తమ్ముళ్లు, బాబాయిలు నవ్వితే ఆ సామెతకి సెలవు. మొదటిసారి కామెడీ షోకి వెళ్లినప్పుడు, చీకట్లో నా చుట్టూ ఓ అరవై మంది, అందులో సగం అమ్మాయిలు, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నారు. ఎవరూ ఎవరినీ ష్... అనలేదు. టికెట్ డబ్బులు దానికే చెల్లిపోయాయి అనుకున్నా.

అందుకే స్టాండప్ అంటే నాకు నిజం మాట్లాడే చోటు. సిట్‌కామ్ అంటే, ఎవరో రాసిన మాటలు ఎవరో చెప్తుంటే మనం నవ్వడం. నా లెక్క అంతే.

మా ఇల్లు టీమ్ అమృతం

మరి మా ఇంట్లోవాళ్లు ఏమంటారు? వాళ్లు అనరు, చూస్తారు అంతే.

‘అమృతం’ 2001లో జెమినీ టీవీలో మొదలైంది. గుణ్ణం గంగరాజు ఆలోచన. ఆదివారం రాత్రి వచ్చేది. 2007 దాకా 313 ఎపిసోడ్లు. వారానికొకటి చొప్పున లెక్కేసుకోండి, సరిగ్గా ఆరేళ్లు. అది ఆగిపోయేటప్పటికి నేను ఒకటో తరగతో రెండో తరగతో. నాకు తెలిసిన అమృతం అంతా తర్వాత యూట్యూబ్‌లో చూసిందే. మీలో చాలామందికీ అంతే అయ్యుంటుంది. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు మా అమ్మ అయితే చుట్టాలొచ్చినంత హడావుడి చేసింది.

ఇందులో పెద్ద కథేం ఉండదు. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు. వాళ్లకో హోటల్, అమృత విలాస్. అందులో సర్వర్ సర్వం. ఇంట్లో సంజీవిని, శాంత. నెత్తిమీద ఇంటి ఓనర్ అప్పాజీ. ప్రతివారం అమృతానికి ఒక బ్రహ్మాండమైన ఐడియా వస్తుంది, వారం తిరక్కుండానే అది తన్నేస్తుంది. వచ్చేవారం మళ్లీ మొదటికి. అమృతం వేషం శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. మనిషి మారినా జనం పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే పక్కన అంజి ఉన్నాడు. గుండు హనుమంతరావు మా విజయవాడ మనిషే. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మా నాన్న సినిమా నటుడు పోయాడని అనలేదు. “అంజి పోయాడంటే” అన్నాడు, ఊళ్లో తెలిసినవాడు పోయినట్టు.

సిట్‌కామ్ కిటుకు అక్కడే ఉంది. స్టాండప్‌లో జోకు కొత్తగా ఉండాలి. రెండోసారి వింటే సగం, మూడోసారి వింటే సున్నా. సిట్‌కామ్‌లో కొత్తదనం అక్కర్లేదు, మనిషి తెలిస్తే చాలు. అప్పాజీ గుమ్మంలోకి రాకముందే నాయనమ్మ నవ్విందంటే, ఆమె జోకుకి నవ్వలేదు. రాబోయేవాడు ఎలాంటివాడో తనకి తెలుసని నవ్వింది. మన చుట్టాల్లో ఒక మామయ్య ఉంటాడే, పెళ్లి భోజనాల దగ్గర లేచి నిలబడగానే, ఇంకా నోరు తెరవకముందే అందరం నవ్వుతాం. అదీ ఇదీ ఒకటే.

పిట్టలదొరా, బంగారక్కా

ఈ రెండు ముక్కలూ అమెరికా నుంచి దిగుమతి అయ్యాయని మనం అనుకుంటాం. పేర్లు అక్కడివే, కాదనను. సరుకు మాత్రం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది.

పిట్టలదొర గురించి విన్నారా? పాత ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ. తుపాకి రాముడు అని కూడా అంటారు. వీధిలోకి ఒక్కడే వచ్చి, తనకెన్ని మేడలు, ఎన్ని వేల ఎకరాలు, ఎంతమంది నౌకర్లు ఉన్నారో గుక్క తిప్పుకోకుండా కోస్తాడు. ఆ కోతల్లోనే తన చిరుగు జేబు బయటపెట్టుకుంటాడు. చివరికి గుప్పెడు బియ్యం అడుగుతాడు. మైకు లేదు, స్టేజీ లేదు, వాటర్ బాటిల్ అసలే లేదు. స్టాండప్ అంటే ఇంకేంటి? ఒక్క విషయం గమనించండి. అతని జోకులు ముందు తన మీదే. డబ్బున్నవాడి గొప్పలన్నీ తన చిరుగు చొక్కా మీద వేసి చూపిస్తాడు. నవ్వేటప్పుడు ఊరి ఆసామికి కూడా ఎక్కడో గుచ్చుకుంటుంది.

ఇక సిట్‌కామ్ కావాలంటే తోలుబొమ్మలాట ఉంది. ఆడుతున్నది రామాయణమే కానివ్వండి, భారతమే కానివ్వండి, మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేస్తారు. యుద్ధం అక్కడే ఆగిపోతుంది, వీళ్ల కొట్లాట మొదలవుతుంది. కథ ఏదైనా మనుషులు వీళ్లే, గొడవ ఇదే. తన చిన్నప్పుడు రాముడు వచ్చినప్పుడు పిల్లలు నిద్రపోయేవాళ్లని, బంగారక్క గొంతు వినపడగానే లేచి కూర్చునేవాళ్లని నాయనమ్మ చెప్తుంది. “ఆ మాటలు ఇప్పుడు మీ ముందు అనకూడదులే” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది కూడా. నాకు నవ్వు నాలుగు విధాల చేటని చెప్పే నాయనమ్మేనా ఈవిడ అనిపిస్తుంది!

ఇంకో ముచ్చట. స్టాండప్‌లో జనంలోంచి ఎవరో ఒకడు అడ్డం తగిలితే, కమెడియన్ అప్పటికప్పుడు వాడికి జవాబు చెప్తాడు కదా. ఇప్పుడు రీల్స్‌లో ఎక్కువ తిరిగేవి అవే. మన అష్టావధానంలో ఆ అడ్డం తగిలేవాడికి ఏకంగా ఒక కుర్చీ వేశారు. అప్రస్తుత ప్రసంగం అని పేరు కూడా పెట్టారు. అవధాని పద్యం కట్టుకుంటూ ఉంటే, సంబంధం లేని ప్రశ్నలేసి ఆయన్ని చెడగొట్టడమే ఇతని డ్యూటీ. అవధాని నవ్వు పుట్టేలా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. అవధానాన్ని ఊరూరికీ తీసుకెళ్లింది తిరుపతి వేంకట కవులు. అందులో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి మన బందరులో తెలుగు పాఠాలు చెప్పినవారే. ఒకళ్లు మాట్లాడుతుంటే రెండోవాళ్లకి ఎదురు మాట్లాడే హక్కు ఇవ్వడం, అదీ సభలోనే, మనకి పాత అలవాటన్నమాట.

ఎదురు మాట్లాడే హక్కు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను దెబ్బతిన్నది అక్కడే.

ఐదు నిమిషాల మైకు

పోయిన ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒక కేఫ్‌లో ఓపెన్ మైక్‌కి పేరిచ్చాను. పేరిస్తే ఎవరికైనా ఐదు నిమిషాలు ఇస్తారు. జీవితంలో మొదటిసారి. కాళ్లు వణుకుతున్నాయి. మా ఊరి గురించి చెప్తే ఎవరూ కదల్లేదు. హాస్టల్ సాంబారు మీద ఓ మాదిరి నవ్వొచ్చింది. అప్పుడు మా నాన్న బేరం గురించి ఎత్తుకున్నా.

తోట పూత మీద ఉండగానే కాపు కొనడానికి వ్యాపారి వస్తాడు. నేను ఇంట్లోనే ఉన్నా ఆ రోజు, వంటింటి కిటికీలోంచి విన్నాను. దాన్ని స్టేజీ మీద ఇలా చెప్పాను:

“ఈ ఏడు పూత పల్చగా ఉంది బాబాయ్‌గారూ అంటాడు వ్యాపారి. అవునయ్యా, పల్చగానే ఉంది అంటాడు మా నాన్న. గాలివానకి రాలిపోద్దేమో అంటాడు వ్యాపారి. రాలిపోద్దయ్యా అంటాడు మా నాన్న. రేటు కూడా ఉండదంట. ఉండదంటనే నేనూ విన్నా. ఇద్దరూ కలిసి మా తోటని తిట్టీ తిట్టీ, ఆఖరికి వ్యాపారి ఒక రేటు చెప్తే, మా నాన్న, పోనీ ఇంకో ఐదువేలు తగ్గించుకోవయ్యా, నువ్వూ బతకాలిగా అన్నాడు. మా నాన్న పక్కనుంటే వ్యాపారికి వేరే బ్రోకర్ ఎందుకండీ!”

హాలు పేలిపోయింది. మీరు ఎప్పుడైనా ఎక్కారో లేదో గానీ, ఆ నవ్వు వచ్చి మొహానికి తగిలితే ఎలా ఉంటుందో చెప్పలేను. వారం రోజులు నేల మీద నడవలేదు.

మేలో సెలవు పెట్టి ఊరొచ్చాను. వరండాలో ‘అమృతం’ చూసిన రాత్రికి నాలుగు రోజుల తర్వాత, ఆ కేఫ్‌లో ఎవరో తీసిన వీడియో ముక్క చేతులు మారి మారి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడింది. ఇరవై మూడు నవ్వు బొమ్మలు. “మీ నాన్నని భలే దులిపేశావే” అని పిన్ని. బాబాయి అయితే నాన్నని “బ్రోకర్‌గారూ” అని పిలవడం మొదలెట్టాడు.

నాన్న ఆ వీడియో తోటలో చూశాడట. పొద్దుగూకి ఇంటికొచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, అన్నానికి కూర్చున్నాడు. నేను పెరుగు వేస్తుంటే అన్నాడు.

“జనం బాగానే నవ్వారుగా తల్లీ.”

“ఏదో నాన్నా...”

“ఆ చివరి మాట నేననలేదు. ఐదువేలు తగ్గించుకోమని.”

“అవును నాన్నా. అది... పంచ్ కోసం.”

“పోనీలే.” ఇంకో ముద్ద తిన్నాడు. “నేను సరేనన్నది మటుకు నిజమే. నీ రెండో ఏడు ఫీజు సోమవారం లోపు కట్టాలన్నావు. అతను వచ్చింది శుక్రవారం. ఆ ముక్క చెప్పలేదేం?”

కోపంగా అనలేదు. మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పాడు. నాకే ఆ రాత్రి నిద్రపట్టలేదు.

స్టాండప్ అంటే నిజం మాట్లాడే చోటు అన్నాను కదా పైన. నేను మాట్లాడింది సగం నిజం. మిగతా సగం నాన్న దగ్గర ఉంది. ఆయన చేతిలో మైకు లేదు. ఆ కేఫ్‌లో ఆయనకి కుర్చీ కూడా లేదు.

ఎవరి చేతిలో మైకుంది?

అప్పుడు అర్థమైంది మా వరండా సంగతి. ‘అమృతం’లో అందరికన్నా ఎక్కువ నవ్వులపాలయ్యేది అంజి. కానీ ప్రతిసారీ అతనికి ఒక డైలాగ్ ఉంటుంది. సర్వం తన ఓనర్లకే ఎదురు చెప్తాడు. అప్పాజీ చేతిలో ఓడిపోతూనే అమృతం ఒక మాట అంటాడు. బంగారక్క ఊరుకుంటుందా? ఒకటికి రెండు అంటుంది. ఎవరి మీద నవ్వుతున్నామో వాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్లకీ నోరుంది. అందుకే నాయనమ్మ, అమ్మ, నాన్న, చెల్లి ఒకే స్టూలు చుట్టూ కూర్చుని నవ్వగలిగారు.

అలాగని సిట్‌కామ్‌లు, స్కిట్లు అన్నీ పాలలో కడిగినవి అని నేననను. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైనప్పటి నుంచీ మా ఇంట్లో గురువారాలు వంట పెందలాడే అయిపోయేది. ఊళ్లలోంచి వచ్చిన ఎందరో కుర్రాళ్లకి అది అన్నం పెట్టింది. అందులో నిజంగా పొట్టచెక్కలయిన స్కిట్లు బోలెడు. అయితే మనిషి రంగు మీద, లావు మీద, భార్య మీద వేసే పంచ్‌లు కూడా బోలెడు. ఆ లావుగా ఉన్నవాళ్లకి, ఆ భార్యకి తిరిగి చెప్పడానికి ఏం రాశారు అని చూస్తే, చాలాసార్లు ఏమీ ఉండదు. అదే షోలో స్కిట్లు చేసిన వేణు ఎల్దండి 2023లో ‘బలగం’ తీశాడు. చావింట్లో జరిగే కథ. అందులో అలిగినవాడికీ ఒక మాట, తాగినవాడికీ ఒక మాట. అందరికీ మాటలున్నాయి. ఏడుస్తూ నవ్వాం, నవ్వుతూ ఏడ్చాం.

స్టాండప్‌నీ నేను తీసిపారేయను. ఇంట్లో నోరెత్తనివ్వనివాళ్లకి ఆ మైకే డైలాగ్. దుప్పటి కింద నేను చూసిన ఆ కుర్రాడికి, పళ్లు కనపడేలా నవ్విన ఆ అమ్మాయిలకి ఇంకెక్కడుంది చోటు? ఇంట్లో నోరులేనివాళ్లకి ఆ మైకు ఆసరా. ఇబ్బంది ఎక్కడంటే, నోరున్న నేను దాన్ని పట్టుకుని, అక్కడ లేని మనిషి గురించి మాట్లాడినప్పుడు. అమెరికాలో జెర్రీ సైన్‌ఫెల్డ్ అనే స్టాండప్ కమెడియన్ తన పేరుతోనే 1989 నుంచి 1998 దాకా ఒక సిట్‌కామ్ నడిపాడు. అందులో మైకు పట్టుకుని తను చెప్పే మాటలూ ఉంటాయి, ఆ తర్వాత స్నేహితులతో కథ కూడా ఉంటుంది. మైకు దగ్గర మాట అతనిదే. ఇంట్లో మాత్రం ముగ్గురు స్నేహితులు అతన్ని ఏకిపారేస్తారు. రెండూ కుదిరే దారి ఉందన్నమాట.

నవ్వు గురించి ఒక శాస్త్రవేత్త చెప్పింది కూడా ఇక్కడ పనికొస్తుంది. రాబర్ట్ ప్రొవైన్ అని, అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉండేవారు. జనం మామూలుగా మాట్లాడుకునే చోట్ల చెవులొగ్గి 1200 నవ్వులు రాసుకున్నారు ఆయన బృందం. తీరా చూస్తే జోకు అనదగ్గ మాటకి పుట్టిన నవ్వులు ఐదో వంతుకు మించలేదు. మిగతావన్నీ మామూలు మాటలకే. ఒంటరిగా ఉన్నప్పటి కన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా తేలింది. టీవీవాళ్లు దీన్ని ముందే పట్టేశారు. 1950ల్లోనే చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు మీట నొక్కితే నవ్వులు వినిపించే పెట్టె ఒకటి తయారుచేశాడు. ఇంట్లో ఒంటరిగా టీవీ చూసేవాడికి తోడు నవ్వులు. ఇయర్‌బడ్స్‌లో నాకు వినపడే హాలు నవ్వులు కూడా అలాంటి అద్దె తోడే. పక్కనే నాయనమ్మ విసనకర్ర ఊపుకుంటుంటే, నేను ఎక్కడో ముంబైలో కూర్చున్న జనంతో కలిసి నవ్వుతున్నా!

నాన్న చెప్పిన వెర్షన్

మర్నాడు సాయంత్రం వరండాలోనే అందరి ముందూ నాన్నకి సారీ చెప్పాను. “దానికేంటే” అన్నాడు. ఫీజు ముక్క కలిపి మళ్లీ చెప్తా, ఎలా ఉందో చూడు అని, స్టూలు పక్కన నిలబడి, చేతిలో విసనకర్ర మైకులా పట్టుకుని మొదలెట్టా. వ్యాపారి దగ్గరికి వచ్చేసరికి నాన్న ఆపేశాడు.

“అతను అలా అనడే. ఉండు.”

లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. కొమ్మ వంచినట్టు చెయ్యెత్తి, లేని పూతని కళ్లు చికిలించి చూసి, ఎండలోకి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు. అచ్చం ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికొచ్చిన డాక్టరులా. “నా చేతిలో ఏమీ లేదు బాబాయ్‌గారూ...” అన్నాడు ఆ వ్యాపారి గొంతుతో. అమ్మ గోడకి ఆనుకుని నవ్వుతోంది. చెల్లి కింద కూర్చుండిపోయింది.

“దానికి నువ్వేమన్నావు నాన్నా?”

“ఏమంటాను? అంతా సరేనన్నా. ఆఖర్న మాత్రం అడిగా. పూత లేదంటున్నావు, కాయ నిలవదంటున్నావు, రేటు ఉండదంటున్నావు. మరి మూడేళ్ల నుంచి వరసగా ఈ తోటకే ఎందుకొస్తున్నావయ్యా, మా ఇంట్లో కాఫీ కోసమా అని.”

“అప్పుడు?”

“అతనూ నవ్వాడు. ఇంకో ఐదువేలు వేశాడు.”

నేను స్టేజీ మీద నాన్న చేత ఐదువేలు వదిలించాను. నిజంలో నాన్న ఒక్క మాటతో ఐదువేలు రాబట్టాడు. నేను కష్టపడి కట్టిన పంచ్ కన్నా జరిగిందే పెద్ద పంచ్. కిటికీ దగ్గర ఇంకో రెండు నిమిషాలు నిలబడి ఉంటే నాకూ వినపడేది.

“ఇది నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?”

“నువ్వెప్పుడు అడిగావు?”

ఇంతకీ నా ఓటు ఎటు? కడుపారా నవ్వుకోవడానికైతే సిట్‌కామ్‌కే. అందులో నవ్వించేవాడికీ నవ్వులపాలయ్యేవాడికీ ఒకే చూరు, ఇద్దరికీ మాట ఉంటుంది. స్టాండప్ చూడటం మానను, చెయ్యడమూ మానను. కాకపోతే ఇప్పుడు రాసుకున్న ప్రతి జోకుకీ ఒక పరీక్ష పెడుతున్నా. ఇందులో ఉన్న మనిషిని ముందు వరసలో కూర్చోబెడితే ఇది చెప్పగలనా? లేచి ఎదురు మాటంటే వింటానా? చెప్పలేకపోతే, ఆ జోకు ఇంకా పూర్తి కాలేదని లెక్క.

జూన్‌లో నాన్న వెర్షన్‌నే అదే కేఫ్‌లో చెప్పాను. ముందు నాన్నని అడిగే చెప్పాను. నవ్వు మొదటిసారి వచ్చినంత రాలేదు, అబద్ధమెందుకు. బయటికి రాగానే ఫోన్ చేసి చెప్పా.

నాన్న ఒక్క క్షణం ఆలోచించాడు. “కాఫీ కోసమా అనేముందు కాసేపు ఆగాలే. ఆగకుండా అనేసి ఉంటావు,” అన్నాడు.

నిజమే. ఆగలేదు.